పిల్లలు తగ్గుతున్న తెలుగు నేల: మీ ప్రశ్నలు, మా జవాబులు

జననాల తగ్గుదల గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఎక్కువమందికి పనికొచ్చేవి ఏరి ఇక్కడ వేస్తున్నాం. వైద్యం ప్రశ్నలకు స్త్రీవైద్య నిపుణులు, ఆస్తి ప్రశ్నకు సివిల్ న్యాయవాది, మిగతావాటికి జనాభా లెక్కలతో పనిచేసేవారు జవాబులు రాశారు.

ప్రశ్న: జనాభాలో చైనాను దాటేశాం. బస్సెక్కితే కాలు పెట్టే చోటు లేదు. ఈ పరిస్థితుల్లో పిల్లలు తగ్గిపోతున్నారని గగ్గోలు పెట్టడంలో అర్థం ఉందా? – పాఠకుడు, నంద్యాల

జవాబు: మీరు చూస్తున్న రద్దీ నిజం, తగ్గుదలా నిజం. జనాభా పెరుగుతోందా లేదా అన్నది ఈ ఏడాది ఎందరు పుట్టారు, ఎందరు పోయారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఒక్కో స్త్రీ జీవితకాలంలో సగటున ఎందరిని కంటోంది అన్నది వేరే లెక్క. దాన్నే సంతాన సాఫల్య రేటు అంటారు. ఇది 2.1 ఉంటే తరం స్థానంలో తరం సరిగ్గా నిలుస్తుంది. 2 కాకుండా 2.1 ఎందుకంటే, 100 మంది ఆడపిల్లలు పుట్టేచోట మగపిల్లలు దాదాపు 105 మంది పుడతారు. పుట్టిన ఆడపిల్లల్లో కొందరు తల్లి అయ్యే వయసు దాకా బతకరు. వంద మంది తల్లులు 210 మందిని కంటే అందులో ఆడపిల్లలు 102 మంది. వారిలో సుమారు వంద మంది తల్లి వయసుకు చేరతారు.

2020 నమూనా నమోదు సర్వే (ఎస్ఆర్ఎస్) ప్రకారం దేశం రేటు 2.0. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిదీ 1.5. ఇదే రేటు నిలకడగా సాగితే వంద మంది తల్లుల స్థానంలోకి వచ్చేది 71 మంది కూతుళ్లు, వాళ్ల స్థానంలోకి 51 మంది మనవరాళ్లు. మరి బస్సు ఎందుకు నిండుతోంది? 1980ల్లో, 90ల్లో పుట్టిన పెద్ద తరాలు ఇప్పుడు పిల్లల్ని కనే వయసులో, పనిచేసే వయసులో ఉన్నాయి. తలా ఒకరిద్దరినే కన్నా కనేవాళ్లే ఎక్కువమంది కాబట్టి పుట్టేవాళ్ల సంఖ్య పెద్దగానే కనిపిస్తుంది. పైగా మనుషులు ఎక్కువకాలం బతుకుతున్నారు. ఐక్యరాజ్యసమితి 2024 అంచనాలో భారత జనాభా 2060ల మొదట్లో సుమారు 170 కోట్ల దగ్గర శిఖరానికి చేరి, ఆ తర్వాతే దిగుతుంది. తెలుగు రాష్ట్రాల్లో ఆ మలుపు చాలా ముందే వస్తుంది.

అసలు మనిషికి తగిలేది మొత్తం సంఖ్య కాదు, వయసుల పొందిక. కేంద్రం నియమించిన సాంకేతిక బృందం అంచనా ప్రకారం 2021లో ఆంధ్రప్రదేశ్‌లో అరవై దాటినవారు 12.4 శాతం. 2031కి అది 16.4 శాతం. పదేళ్లలో నాలుగు శాతం అంటే చిన్న మాట కాదు.

ప్రశ్న: మన దగ్గర ఆడపిల్లల చదువు కేరళలో ఉన్నంత లేదు. పెళ్లిళ్లూ తొందరగానే చేసేస్తున్నారు. అయినా పిల్లల సంఖ్య కేరళ స్థాయికి ఎలా దిగింది? – ఉపాధ్యాయిని, ఏలూరు

జవాబు: పరిశోధకుల్ని చాలాకాలం తికమకపెట్టిన సంగతే ఇది. 1991 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ స్త్రీల అక్షరాస్యత 33 శాతం లోపే, కేరళలో 86 శాతం. ఆడపిల్లలు చదువుకుంటే, పెళ్లి ఆలస్యమైతే, శిశుమరణాలు తగ్గితే పిల్లల సంఖ్య దానంతటదే తగ్గుతుందని పుస్తకాల్లో ఉంటుంది. ఇక్కడ ఆ మెట్లేవీ పూర్తిగా ఎక్కకముందే రేటు పడిపోయింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మొదటి విడతలో, అంటే 1992-93లో మనది 2.6. 1998-99లో 2.25. 2005-06కు 1.8. దాదాపు పదమూడేళ్లలో పని అయిపోయింది. 2019-21 సర్వేలో ఆంధ్రప్రదేశ్ 1.7, తెలంగాణ 1.8 (పైన చెప్పిన 1.5 వేరే సర్వే లెక్క). అంటే అప్పట్నుంచి పెద్దగా కదల్లేదు.

ఇది జరిగిన దారి ఒక్కటే: కు.ని. ఆపరేషన్. 2019-21 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయి పిల్లల్ని కనే వయసులో ఉన్న స్త్రీలలో నూటికి 70 మందికి ఆపరేషన్ అయిపోయింది. తెలంగాణలో 62 మందికి. మాత్రలు, కాపర్-టీ, నిరోధ్ వాడకం లెక్కలోకి రానంత తక్కువ. మగవాళ్ల ఆపరేషన్లు నామమాత్రం. అవి చిన్నవి, సులువైనవి, ఆసుపత్రిలో పడుకోనక్కర్లేనివి అయినా సరే ఇంతే. అదే సర్వేలో 20-24 ఏళ్ల స్త్రీలలో పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29 శాతం, తెలంగాణలో 23.5 శాతం. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెడితే ఊళ్లలోని క్రమం తెలుస్తుంది. పదిహేడు, పద్దెనిమిదికి పెళ్లి, వెంటవెంటనే రెండు కాన్పులు, రెండో కాన్పుతోనో మరుసటి ఏడాదో ఆపరేషన్. పాతికేళ్లు నిండకముందే ఆ అధ్యాయం ముగుస్తుంది.

ఆరోగ్య సిబ్బందికి ఏళ్ల తరబడి ఇచ్చిన ఆపరేషన్ల టార్గెట్లు, 1997లో రాష్ట్రం తెచ్చిన జనాభా విధానం, డ్వాక్రా సంఘాల్లో ఒకరిని చూసి ఒకరు, గోడల మీద కుటుంబ నియంత్రణ గుర్తైన ఎర్ర త్రికోణం, వీటన్నిటి పాత్రా ఉంది. వాటితోపాటు ప్రైవేటు బడి ఫీజు చూసిన తల్లి వేసుకున్న సొంత లెక్క కూడా. దేశం మొత్తం మీద స్త్రీలు కావాలనుకున్న పిల్లల్నే లెక్కిస్తే 2019-21లో రేటు 1.6 మాత్రమే. ఎవరో బలవంతపెట్టడం వల్లే ఇద్దరితో ఆగారనుకుంటే అది పొరపాటు.

నగరాల కథ వేరు. అక్కడ పెళ్లే ముప్పై దగ్గర, ఆ తర్వాత ఒక్కరితో ఆగడం. జపాన్, ఐరోపా గురించి చదివి వాటినే మన పల్లెలకు అంటగట్టడం వల్ల చర్చ దారి తప్పుతోంది. ఊళ్లో ఆపరేషన్ అయిపోయిన పాతికేళ్ల తల్లికి మూడో బిడ్డను కంటే ఇస్తామనే ప్రోత్సాహకం దేనికి? ఆమెకు కావలసింది ముందున్న ముప్పై ఏళ్లకు చేతినిండా పని. మన విధానాల్లో ఆ మాట వినపడదు.

ప్రశ్న: మాకు ఇద్దరు పిల్లలయ్యాక నా భార్యకు కు.ని. ఆపరేషన్ చేయించాం. ప్రమాదంలో బాబు పోయాడు. ఆమెకిప్పుడు 31. మళ్లీ పిల్లలు కలిగే వీలుందా? – పాఠకుడు, ఖమ్మం జిల్లా

జవాబు: వీలుంది. దారులు రెండు: ట్యూబులు తిరిగి కలిపే ఆపరేషన్ (రీకెనలైజేషన్), లేదంటే ఐవీఎఫ్ (పిండాన్ని శరీరం బయట తయారుచేసి గర్భసంచిలో పెట్టే పద్ధతి). ఏది నయమో నాలుగు సంగతులు తేలాక చెప్పొచ్చు.

మొదట పాత ఆపరేషన్ డిశ్చార్జి కాగితం వెతకండి. ఏ పద్ధతిలో చేశారన్నది అందులో ఉంటుంది. లాప్రోస్కోపీతో రింగు వేసి ఉంటే ట్యూబు పాడైన భాగం తక్కువ, కలపడం తేలిక. కాన్పప్పుడో సిజేరియన్‌తోనో ట్యూబును ముడేసి కోసి ఉంటే (పొమరాయ్ పద్ధతి) కొంచెం ఎక్కువ పోతుంది, అయినా కలపవచ్చు. ట్యూబు చివర గరాటులా ఉండే భాగాన్నే తీసేసి ఉంటే మాత్రం కలిపి లాభం లేదు, ఐవీఎఫ్ ఒక్కటే మార్గం. కాగితం దొరక్కపోతే లాప్రోస్కోపీతో లోపల చూసి తేలుస్తారు. కలిపాక ట్యూబు నాలుగు సెంటీమీటర్లకు తగ్గకుండా మిగిలితే అవకాశాలు బాగుంటాయి.

రెండోది మీ వీర్యపరీక్ష. దీన్ని వదిలేసి ఆమెను ఆపరేషన్ బల్ల ఎక్కించడం చాలా చోట్ల జరిగే తప్పు. మీలో లోపం ఉంటే ట్యూబులు ఎంత చక్కగా కలిపినా ఫలితం ఉండదు. మూడోది ఆమె అండాల నిల్వ, నెలసరి క్రమం. నాలుగోది వయసు. 31 ఇందుకు అనుకూలమే. 35 లోపు, మంచి ట్యూబు మిగిలి, సూక్ష్మశస్త్రచికిత్స చేతిలో ఉన్న సర్జన్ కలిపితే సగం మందికి పైగా గర్భం వస్తుంది. నలభై దగ్గరపడితే ఐవీఎఫ్ వైపే మొగ్గుతాం. ఆ వయసులో ఎదురుచూడ్డానికి వ్యవధి ఉండదు.

ఒక హెచ్చరిక. కలిపిన ట్యూబులో గర్భం అక్కడే నిలిచిపోయే ప్రమాదం మామూలు కన్నా ఎక్కువ. నెల తప్పగానే పరీక్ష చేసుకుని, ఆరో వారంలో స్కాన్ తీయించి గర్భసంచిలోనే ఉందని చూసుకోవాలి. ఒకవైపు కడుపునొప్పి, కళ్లు తిరగడం, భుజం నొప్పి ఉంటే అర్ధరాత్రి అయినా సరే ఆసుపత్రికి వెళ్లండి. ట్యూబు పగిలితే గంటలు కూడా ఉండవు. ఆపరేషన్ తర్వాత ఏడాది, ఏడాదిన్నర దాకా ప్రయత్నించి రాకపోతే మళ్లీ వెళ్లాలి.

ఇది చదువుతున్న మిగతావారికి: జాతీయ ప్రమాణాల ప్రకారం ఆపరేషన్‌కు స్త్రీకి 22 ఏళ్లు నిండాలి, కనీసం ఒక బిడ్డ ఏడాది దాటి ఉండాలి. చిన్న బిడ్డ పొత్తిళ్లలో ఉండగానే తొందరపడేకంటే ఐదేళ్లో పదేళ్లో కాపర్-టీ వేయించుకుంటే ఇలాంటి రోజున ఇంత తిరగాల్సిన పని ఉండదు.

ప్రశ్న: మా ఊరి ప్రాథమిక పాఠశాలలో పిల్లలు ఏటేటా తగ్గుతున్నారు. రాబోయే ఐదేళ్లలో ఎందరు ఉంటారో ముందే లెక్కేయవచ్చా? – పాఠశాల కమిటీ సభ్యుడు, వనపర్తి జిల్లా

జవాబు: వేయొచ్చు. ఐదేళ్ల తర్వాత ఒకటో తరగతిలో చేరే పిల్లలు ఈపాటికే పుట్టేశారు, లేదా కడుపులో ఉన్నారు. కాబట్టి ఇది జోస్యం కాదు, తలలు లెక్కపెట్టడమే.

ముందు మోటు లెక్క. 2020లో తెలంగాణ జనన రేటు వెయ్యి జనాభాకు 16.4. మీ ఊరి జనాభా 3,000 అనుకుంటే ఏడాదికి 49 మంది పుట్టాలి. మొదటి ఏడాదిలో పోయే ఒకరిని తీసేస్తే 48. పనికోసం హైదరాబాద్‌కో ముంబైకో వెళ్లిపోయే కుటుంబాల పిల్లల్ని తీసేయండి, పాలమూరు ఊళ్లలో ఇది పెద్ద అంకే. ఎనిమిది మంది అనుకుందాం. మిగిలిన నలభై మందిలో పొద్దున్నే పసుపు రంగు బస్సెక్కి ప్రైవేటు బడికి పోయేది 25 మందైతే మీ ఒకటో తరగతికి మిగిలేది 15. ఐదు తరగతులకూ 75 మంది. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది దాకా ఇద్దరు, 61 నుంచి 90 దాకా ముగ్గురు టీచర్లు. అదే వెయ్యి జనాభా ఉన్న ఊరైతే ఇవే పాళ్లలో తరగతికి ఐదుగురు. ఇద్దరు టీచర్లు ఐదు తరగతులు చెప్పాలి. ఒకరు సెలవు పెట్టిన రోజు ఒక్కరే. అది చూసి ఇంకో నలుగురు తల్లిదండ్రులు బస్సు మాట్లాడుకుంటారు. బడి నిజంగా ఖాళీ అయ్యేది ఈ చక్రంలో.

ఇక అసలు లెక్క. పంచాయతీ జనన రిజిస్టరు పట్టుకుని లెక్కేస్తే తప్పు వస్తుంది. జననం ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతుంది. కాన్పులన్నీ ఇప్పుడు పట్నం ఆసుపత్రుల్లోనే. తొలి కాన్పు పుట్టింటి దగ్గర. కాబట్టి మీ ఊరి పిల్లాడు వేరే చోట, వేరే ఊరి పిల్లాడు మీ చోట లెక్కకెక్కుతారు. అంగన్‌వాడీ టీచర్ దగ్గరుండే కుటుంబ సర్వే రిజిస్టరు తీసుకోండి. అందులో ఆరేళ్ల లోపు పిల్లలు ఇంటింటి వారీగా ఉంటారు. ఏఎన్ఎం దగ్గరి గర్భిణుల జాబితాతో పోల్చండి. పుట్టిన సంవత్సరం వారీగా ఐదు గడులు గీసి, ప్రతి పేరు పక్కన మూడు గుర్తుల్లో ఒకటి వేయండి: ఊళ్లోనే ఉంటారు, వలసపోతారు, అక్క లేదా అన్న ఇప్పటికే ప్రైవేటులో ఉన్నారు. మూడో గుర్తు ఉన్నవాళ్లు మీ బడికి రావడం అరుదు.

ఈ కాగితం ముందు పెట్టుకుంటే బడి తగ్గడంలో జననాల వాటా ఎంతో, బస్సు వాటా ఎంతో విడిగా కనిపిస్తాయి. చాలా ఊళ్లలో రెండోదే పెద్దది. పక్క ఊరి బడితో కలపాల్సి వస్తే ప్రాథమిక పాఠశాల కిలోమీటరు లోపు ఉండాలన్న నిబంధనను, దారిలో వాగు, హైవే ఉన్నాయా అన్నదాన్ని అర్జీలో రాయండి. 'మా బడి మూయొద్దు' అన్న ఒక్క వాక్యం కన్నా ఐదేళ్ల పట్టిక జత చేసిన అర్జీని అధికారి పక్కన పెట్టలేడు.

ప్రశ్న: జనాభాను అదుపు చేసినందుకు మన ఎంపీ సీట్లు, కేంద్ర నిధులు పోతాయంటున్నారు. ఎంత నిజం? – పాఠకుడు, విజయవాడ

జవాబు: సీట్ల విషయంలో లెక్క సూటిగా ఉంది. 1976లో 42వ రాజ్యాంగ సవరణ రాష్ట్రాల మధ్య లోక్‌సభ సీట్ల పంపకాన్ని 1971 జనగణన దగ్గర ఆపేసింది. కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రాలు నష్టపోకూడదనే దాని ఉద్దేశం. 2001లో 84వ సవరణ ఆ స్తంభనను 2026 తర్వాతి తొలి జనగణన దాకా పొడిగించింది. 1971లో దేశ జనాభా 54.8 కోట్లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ది 4.35 కోట్లు, దాదాపు 8 శాతం. 2011లో 121 కోట్లలో 8.46 కోట్లు, 7 శాతం. ఉన్న 543 సీట్లనే 2011 జనాభా ప్రకారం పంచితే రెండు రాష్ట్రాలకూ కలిపి ఇప్పుడున్న 42 (25, 17) కాస్తా సుమారు 38 అవుతుంది. కొత్త జనగణనతో ఇంకా తగ్గుతుంది. మొత్తం సీట్లు పెంచితే మన సంఖ్య తగ్గకపోవచ్చు, వాటా మాత్రం తగ్గుతుంది. సభలో ఓటింగుకు పనికొచ్చేది వాటానే.

నిధుల దగ్గర వాదన ఇంత సూటిగా లేదు. కేంద్ర పన్నుల పంపకంలో 13వ ఆర్థిక సంఘం ఉమ్మడి రాష్ట్రానికి 6.937 శాతం ఇచ్చింది. 14వది రెండింటికీ కలిపి 6.742 (4.305, 2.437), 15వది 6.149 (4.047, 2.102). 15వ సంఘం దాకా వాటా తగ్గిన మాట నిజమే. అయితే 15వ సంఘం సూత్రంలో జనాభాకు ఇచ్చిన తూకం 15 శాతమే. రాష్ట్ర తలసరి ఆదాయం ఎంత వెనకబడి ఉందన్నదానికి 45 శాతం. ఆదాయం పెరిగిన రాష్ట్రానికి వాటా తగ్గడం ఆ సూత్రంలోనే ఉంది. పిల్లల సంఖ్య తగ్గించినందుకు విడిగా 12.5 శాతం తూకం కూడా పెట్టారు. అది మనకు లాభించింది. ఈ రెండో సగం సభల్లో ఎవరూ చెప్పరు.

ప్రశ్న: ఒక్కగానొక్క అమ్మాయి. అమెరికాలో స్థిరపడింది. మాకు 68, 63 ఏళ్లు. ఇల్లు, రెండెకరాల పొలం, బ్యాంకులో కొంత ఉంది. ఇప్పుడే అన్నీ అమ్మాయి పేర రాసేస్తే మంచిదా? – దంపతులు, తెనాలి

జవాబు: వద్దు. ముగ్గురు, నలుగురు పిల్లలున్న రోజుల్లో ఎవరో ఒకరు దగ్గరుండేవారు. ఒక్కరే ఉన్నప్పుడు కాగితాలే ఆ పని చేయాలి. వాటిని వరుసగా చూద్దాం.

ఆస్తి మీ పేరనే ఉంచి వీలునామా రాయండి. తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది, ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయిస్తే తర్వాత తగాదా తక్కువ. లబ్ధి పొందేవాళ్లను సాక్షులుగా పెట్టకండి. సాక్షులు మీకంటే చిన్నవాళ్లయితే మంచిది. అమ్మాయి విదేశీ పౌరసత్వం తీసుకున్నా వారసత్వంగా పొలం పొందవచ్చు. కొనడానికే ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతి) వారికి అడ్డు.

ఏ కారణం వల్లనైనా ఇప్పుడే గిఫ్టు డీడ్ రాయాల్సి వస్తే, 'మా జీవితాంతం పోషణ, వైద్యం చూడాలి, చూడకపోతే ఈ దానం రద్దు' అన్న షరతు దస్తావేజులోనే రాయించండి. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం (2007) 23వ సెక్షన్ కింద దానాన్ని రద్దు చేయించుకోవడానికి ఆ వాక్యమే ప్రాణం. అది లేని దస్తావేజుల మీద సుప్రీంకోర్టు 2022లో ఒకలా, 2025లో కొంత ఉదారంగా తీర్పులిచ్చింది. ఆ అదృష్టం మీద ఆధారపడొద్దు. డాక్యుమెంటు రైటరు 'అవసరం లేదండీ, ఇంట్లోవాళ్లే కదా' అంటాడు. వినకండి.

బ్యాంకు ఖాతాలు ఇద్దరి పేర, ఎవరైనా తీసుకునేలా మార్చండి. నామినీగా అమ్మాయిని రాయండి. నామినీ అంటే సొమ్ము అందుకునే ధర్మకర్త మాత్రమే, హక్కు వీలునామా ప్రకారమే. ఎక్కువమంది తప్పటడుగు వేసేది జీపీఏ (మన తరఫున వ్యవహారాలు నడపమని ఇంకొకరికి ఇచ్చే అధికార పత్రం) దగ్గర. మీరు ఎవరికైనా జీపీఏ ఇస్తే మీరు పోయిన క్షణం అది చెల్లదు. మతి స్థిమితం పోయినా చెల్లదు. మతిమరుపు జబ్బు వచ్చాక ఆదుకుంటుందని దాచుకున్న జీపీఏ సరిగ్గా ఆ రోజే పనికిరాకుండా పోతుంది. అందుకే ఉమ్మడి ఖాతా ముందే ఉండాలి. అమ్మాయి అక్కణ్నుంచి మీకు జీపీఏ పంపితే కాన్సులేట్‌లో ధ్రువీకరించి, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు సుంకం కట్టించాలి.

డెబ్భై నిండగానే ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు వస్తుంది. ఏడాదికి 5 లక్షల దాకా, జాబితాలోని ఆసుపత్రుల్లో. ఆధార్‌లో పుట్టిన తేదీ తప్పుంటే ఈ రెండేళ్లలోనే సరిచేయించండి. అవసరమైన సలహాకు వృద్ధుల హెల్ప్‌లైన్ 14567.

పిల్లలు అసలే లేనివారికి ఒక మాట. పైన చెప్పిన 2007 పోషణ చట్టం ప్రకారం మీ ఆస్తి ఎవరి చేతిలో ఉందో, మీ తర్వాత ఎవరికి వస్తుందో ఆ బంధువు మీ పోషణకు బాధ్యుడు. చూడకపోతే ఆర్డీఓ దగ్గరి ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టవచ్చు. నోటీసు ఇచ్చాక 90 రోజుల్లో తేల్చాలి, మహా అయితే ఇంకో 30 రోజులు. నెలకు 10 వేలకు మించి ఇప్పించే అధికారం ట్రిబ్యునల్‌కు లేదు. అది మందులకే సరిపోదన్నది వేరే సంగతి.

ప్రశ్న: పెళ్లయి పద్నాలుగు నెలలు. నాకు 32, ఆయనకు 35. అత్తగారు నన్ను డాక్టరు దగ్గరికి వెళ్లమంటున్నారు, ఆయన అవసరం లేదంటున్నారు. ఎవరు ముందు వెళ్లాలి? – పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఇద్దరూ ఒకే రోజు వెళ్లాలి. 35 లోపు స్త్రీకి ఏడాది, 35 దాటితే ఆరు నెలలు ప్రయత్నించాక పరీక్షలు మొదలుపెట్టడం పద్ధతి. మీకు ఏడాది దాటింది. అన్నిట్లోకీ చవకైనది, సూది లేనిది ఆయన వీర్యపరీక్ష, అందుకే అదే మొదటిది. రెండు నుంచి ఏడు రోజుల విరామం తర్వాత నమూనా ఇవ్వాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 ప్రమాణాల్లో కనిష్ఠ హద్దులు ఇవి: పరిమాణం 1.4 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు కోటీ 60 లక్షల కణాలు, కదిలేవి 42 శాతం, సరైన ఆకారం 4 శాతం. ఆకారం 4 శాతమే అని చూసి బెంబేలెత్తకండి, అది మామూలే. తగ్గితే సుమారు మూడు నెలలాగి మళ్లీ చేయిస్తాం. కణం తయారు కావడానికి రెండున్నర నెలలు పడుతుంది. జిమ్ముల్లో ఇచ్చే టెస్టోస్టెరాన్, స్టెరాయిడ్ ఇంజెక్షన్లు కండ పెంచి కణాల్ని సున్నాకు దించుతాయి. ఆయన వాడుతుంటే డాక్టరుకు చెప్పి తీరాలి.

మీకు థైరాయిడ్, స్కాన్, నెలసరి ఆగాక, అది మొదలైన రోజు నుంచి లెక్కపెట్టి ఏడు నుంచి పదో రోజు మధ్య ట్యూబుల ఎక్స్‌రే చాలు. ఏఎంహెచ్ (అండాల నిల్వ చూసే రక్తపరీక్ష) తక్కువొచ్చిందని భయపెట్టి నేరుగా ఐవీఎఫ్ ప్యాకేజీ చెప్పేచోట ఆగండి. ఆ పరీక్ష ఐవీఎఫ్‌లో ఎన్ని అండాలు రావచ్చో చెబుతుందే గానీ సహజంగా గర్భం వస్తుందా రాదా అన్నది చెప్పదు. ఈలోగా ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు మొదలుపెట్టండి. వెళ్లే కేంద్రానికి 2021 ఏఆర్‌టీ (ఐవీఎఫ్ వంటి చికిత్సల) చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందో లేదో గోడ మీద చూడండి.

ప్రశ్న: మిర్యాలగూడ మిల్లుల్లో హమాలీలంతా బీహార్ వాళ్లే. మన పిల్లలు తగ్గడం వల్లేనా? – మిల్లు యజమాని

జవాబు: కొంతవరకే. మన యువకులు తగ్గడం కన్నా, ఉన్నవాళ్లు మూట మోయడానికి సిద్ధంగా లేకపోవడం ముందు వచ్చింది. 2020లో బీహార్ రేటు 3.0, మనకు రెట్టింపు. అయితే అదీ దిగుతోంది. 2005-06లో అది 4.0. ఈ కూలీలు ఎల్లకాలం వస్తారనుకుని మిల్లు నడపొద్దు. ఈలోగా వచ్చినవాళ్లు నిలబడాలంటే వాళ్ల రేషన్ కార్డు ఇక్కడి దుకాణంలో పనిచేస్తుందని చెప్పండి, పిల్లల్ని దగ్గరి ప్రభుత్వ బడిలో చేర్పించండి. పైన వనపర్తి ప్రశ్నలోని ఖాళీ బెంచీలకు అదీ ఒక జవాబే.

ప్రశ్న: డబ్బిస్తే జనం ఎక్కువమందిని కంటారా? ఏ దేశమైనా సాధించిందా? – విద్యార్థి, తిరుపతి

జవాబు: డబ్బు ఎక్కువగా మార్చేది ఎప్పుడు కంటారన్నదాన్నే. ఎలాగూ కనాలనుకున్నవారు రెండేళ్లు ముందుకు జరుపుతారు, గ్రాఫు కాస్త లేస్తుంది, మళ్లీ పడుతుంది. దక్షిణ కొరియా ఏళ్లుగా ఖర్చు పెడుతూ వచ్చి 2023లో 0.72 దగ్గర నిలిచింది, 2024లో 0.75. జపాన్ 2024లో 1.15. చైనా 2016లో ఇద్దరికి, 2021లో ముగ్గురికి అనుమతిచ్చింది. 2022లో దాని జనాభా ఎనిమిదిన్నర లక్షలు తగ్గింది. బలవంతం చేసిన దేశం రొమేనియా. 1966లో గర్భస్రావాన్ని నిషేధిస్తే 1.9 ఉన్న రేటు మరుసటి ఏడాది 3.7కి ఎగిరింది. కొన్నేళ్లలో జనం దొంగచాటు దారులు వెతుక్కున్నారు, రేటు దిగింది. ఆ చాటుమాటు గర్భస్రావాల్లో తల్లులు చనిపోయారు, అనాథాశ్రమాలు నిండాయి. 1989 డిసెంబరులో పాలన కూలగానే ఆ నిషేధం ఎత్తేశారు.

ఆంధ్రప్రదేశ్‌లో తల్లికి వందనం పథకం డబ్బు బడికి వెళ్లే ప్రతి బిడ్డకూ ఇస్తున్నారు. అంతకుముందు అమ్మఒడి తల్లికి ఒక్క బిడ్డ వరకే. ఇది మూడో బిడ్డను పుట్టిస్తుందని మేం అనుకోం. పుట్టిన మూడో బిడ్డను బడిలో ఉంచుతుంది, అది చాలు. ఉద్యోగం చేసే తల్లికి నిజంగా తేడా తెచ్చేది క్రెష్ (తల్లి పనిలో ఉండగా పసిపిల్లల్ని చూసుకునే చోటు). యాభై మంది, ఆపైన పనిచేసే సంస్థలో అది ఉండాలని 2017 నుంచి చట్టం చెబుతోంది. మీ తిరుపతిలో ఎన్ని చోట్ల ఉందో తిరిగి చూడండి, మంచి ప్రాజెక్టు అవుతుంది.

ప్రశ్న: నాకు ముగ్గురు పిల్లలు. సర్పంచిగా పోటీ చేయవచ్చా? మా ఆవిడ ప్రభుత్వ ఉద్యోగి, మూడో కాన్పుకు సెలవు ఇస్తారా? – పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: పోటీ చేయవచ్చు. 1994 పంచాయతీరాజ్ చట్టంలో ఇద్దరికి మించి పిల్లలున్నవారిని అనర్హుల్ని చేసిన నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో తొలగించింది. మున్సిపాలిటీలకూ అదే వర్తిస్తుంది. తెలంగాణ కూడా 2025 చివర్లో, పంచాయతీ ఎన్నికల ముందు ఎత్తేసింది. సెలవు విషయంలో, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగినులకు ఎందరు పిల్లలున్నా ప్రసూతి సెలవు ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ 2025లో నిర్ణయించింది. పూర్తి 180 రోజులూ అడగండి. ప్రైవేటు ఉద్యోగమైతే లెక్క వేరు: మొదటి ఇద్దరికీ 26 వారాలు, మూడో బిడ్డకు 12. కాన్పుకు ముందు పన్నెండు నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి.